ఆషాఢానికి ముందే దిగినవాళ్లు

ఫిల్మ్‌నగర్‌లో సొంతిల్లంటే అందరూ మమ్మల్ని అదృష్టవంతులంటారు. వాళ్లకేం, ఎన్నైనా అంటారు. మా సందు చివర పెద్ద హీరోగారి ఇల్లు. తెల్లారిందంటే చాలు, ఆ గేటు ముందు ఫొటోల జనం. మా పైపోర్షన్ బాల్కనీలోంచి చూస్తే ఆయన తోట కనిపిస్తుంది. అదే మా ఖర్మ. అద్దెకొచ్చేవాళ్లకి ఇల్లు అక్కర్లేదు, బాల్కనీ కావాలి. ఒకడు యూట్యూబ్ వాడు, చెప్పాపెట్టకుండా కెమెరా బిగించాడు. ఇంకొకడు వేషాల కోసం వచ్చి, వాళ్ల ఊరు ఊరంతా తెచ్చి దించాడు. పోనీ ఖాళీగా ఉంచితే మరీ ఘోరం, గేటు దూకి మెట్లెక్కేస్తారు.

మావారు వరప్రసాద్ ప్రొడక్షన్ మేనేజరు. నెలలో సగం అవుట్‌డోర్ షూటింగుల్లోనే. ఓరోజు మా పాప శ్రీనిధి బడి నుంచి వచ్చేసరికి, పై మెట్ల మీద ముక్కూమొహం తెలియని మగాడు పడుకుని ఉన్నాడు. దానికి ఏడేళ్లు. అప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. అద్దె తర్వాత సంగతి, పైన నమ్మకమైన మనుషులుంటే చాలు అనుకున్నాను.

జ్యేష్ఠం చివర్లో బ్రోకరు ఓంప్రకాష్ ఒక జంటని తీసుకొచ్చాడు. హనుమంతు, పద్మప్రియ. మోతీనగర్‌లో ఉంటారు. అతను జూబ్లీహిల్స్‌లో ఎవరో వ్యాపారి కారు నడుపుతాడు. పిల్లల్లేరు. ఇల్లంతా చూశారు గానీ బాల్కనీ వైపు తలైనా తిప్పలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆషాఢంలో ఇల్లు మారకూడదు కదా. అందుకని అది రాకముందే మంచిరోజు చూసుకుని పైన పాలు పొంగించారు. దేవుడి పటం, కాసిని బియ్యం, పాలగిన్నె, ఒక చాప అక్కడే ఉంచారు. మిగతా సామాను శ్రావణంలో తెచ్చుకుంటామన్నారు. పద్మప్రియ కిందికొచ్చి శ్రీనిధికి తన చేత్తో పరమాన్నం తినిపించింది.

"సామాను రాకున్నా, పాలు పొంగినయంటే దిగినట్టే అక్కా. ఇగ మీకు ఫికర్ లేదు," అంది.

ఆ సాయంత్రం తిరిగి వెళ్తుంటే వాళ్ల బండిని లారీ గుద్దింది. ఇద్దరూ పోయారు. ఓంప్రకాష్ ఫోన్లో చెప్తుంటే నేను బెండకాయలు తరుగుతున్నాను. తరుగుతూనే ఉన్నాను. అప్పుడు ఏడుపు రాలేదు, ఇప్పటికీ రాలేదు. మావారు మాత్రం, ఎవరితోనూ అనకు భువనా, తెలిస్తే ఆ ఇంట్లో ఇంకెవరు దిగుతారు అన్నారు. సరే అన్నాను.

ఆషాఢమంతా పైన తాళమే. అయినా దీపాల వేళకి పాలు మాడిన వాసన దిగొచ్చేది. తర్వాత గిన్నె తోముతున్న చప్పుడు... నేల మీద చాప పరిచిన చప్పుడు... నేను టీవీ సౌండు పెంచేదాన్ని. చిత్రమేంటంటే, జనం మా మెట్లెక్కడం మానేశారు. ఒకరిద్దరు ఎక్కినా, విడిచిన చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు. నాకు భయం వేయలేదు. పైన ఎవరో ఉన్నారులే అనిపించింది, అంతే.

శ్రావణం వచ్చింది. మావారు వేరేవాళ్లని చూడమని ఓంప్రకాష్‌కి చెప్పారు. పాలు పొంగించుకున్నవాళ్లు ఖాళీ చేయకుండా ఇంకొకరికి ఎలా ఇస్తామని నాకు లోపల పీకుతూనే ఉంది. కానీ ఖాళీ చేయమని ఎవర్ని అడగాలి?

ఓ సాయంత్రం వెంగళరావు నగర్ నుంచి నిఖిల్ అనే అబ్బాయి, కొత్త పెళ్లాంతో ఇల్లు చూసుకోవడానికి వచ్చాడు. శ్రీనిధి గదిలో హోంవర్క్ చేసుకుంటోంది. నాకు పైకి కాళ్లు రాలేదు. తాళంచెవి వాళ్ల చేతికిచ్చి, చూసి రమ్మన్నాను.

ఎంతకీ దిగలేదు. దిగాక నిఖిల్ తాళంచెవి తిరిగిచ్చేస్తూ, దీంతో పనే పడలేదు, తలుపు తీసే ఉంది అన్నాడు. ఇద్దరి మొహాల్లోనూ బెదురు లేదు.

"పైనావిడ చాలా మంచిదండీ. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది," అంది ఆ అమ్మాయి.

"ఏమంది...?" అన్నాను.

"పైన వాళ్లు దిగేశారటగా. కింది పోర్షన్ ఖాళీ అవుతుంది, అది తీసుకోండి అంది."

"ఎవరు ఖాళీ చేస్తారంది?"

ఆ అమ్మాయి మొహమాటంగా భర్త వైపు చూసింది.

"ముందు పాప పైకి వచ్చేస్తుందట. మీరెప్పుడొస్తారో మాత్రం చెప్పలేదండీ."

నేను గది వైపు తిరిగాను.

"శ్రీనిధీ..."

"ఆఁ... అమ్మా," అని పలికింది.

పైనుంచి.