ఇరవై ఒక్క డిగ్రీలు

"నిప్పూ నిప్పూ నీకేం కావాలి,
ఎండు పుల్లొకటి, ఏటి గాలొకటి..."

ఆ తర్వాత ముక్క నాకు గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు గొంతు చించుకుని పాడిన పాటే. నా కూతురికి మాత్రం మొత్తం వచ్చు. తన పాప కోసం ఈ పాటా, ఇంకో ముప్పై కథలూ తన గొంతుతో కంప్యూటర్‌లో దాచింది. అరవై దాటిన నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆ కంప్యూటర్ ముందే. తను పోయి ఏడు నెలలు. పాపకి మూడేళ్ళు. తల్లి గొంతు మరిచిపోతోంది.

అందుకే ఆ మధ్యాహ్నం మా అల్లుడు వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడానికి కూర్చున్నాడు. ప్రతిసారీ సగంలోనే కంప్యూటర్ ఆరిపోతోంది. ఎండకి కాగిన గోడలు. గదంతా మాడిన దుమ్ము వాసన.

"ఇది అబద్ధం చెబుతోంది అత్తయ్యా. గదిలోనే ముప్పై నాలుగు డిగ్రీలుంటే, లోపల ప్రాసెసర్ ఇరవై ఒకటేనట! పనిచేసే చిప్పు గదికంటే చల్లగా ఎలా ఉంటుంది?"

"బడి ఎగ్గొట్టడానికి లేని జ్వరం తెచ్చుకునేవాళ్ళని చూశాను గానీ బాబూ, ఉన్న జ్వరం దాచుకునేదాన్ని ఇప్పుడే చూస్తున్నా."

నవ్వాడు. ఏడు నెలల్లో అదే మొదటిసారి.

మా అమ్మాయి రాసుకున్న ఫ్యాన్ ప్రోగ్రాం ఆ అంకెనే నమ్ముతుందట. చల్లగా ఉందనుకుని ఫ్యాన్ తిప్పదు. వేడి ముదిరి యంత్రం ఆరిపోతుంది. ఇంకొన్నిసార్లు ఇలాగే జరిగితే ఇక లేవదు, లోపలి గొంతూ దక్కదు అన్నాడు.

కంప్యూటర్ లేవగానే వచ్చే బయోస్ తెరలో చూశాడు. డెబ్బై ఒకటి. పూర్తిగా తెరుచుకుని, మా అమ్మాయి వాడే లినక్స్ సిస్టంలోకి వెళితే ఇరవై ఒకటి.

"అయితే సెన్సర్ మంచిదే. మధ్యలో ఎవరో అంకె మారుస్తున్నారు."

సెన్సర్ల సెట్టింగుల ఫైలు తెరిచాడు. వచ్చిన అంకెలోంచి యాభై తీసెయ్యమని అందులో ఒక వరస. దాని పైన ఏదో రాసి ఉంది. చదివి, తెర నా వైపు తిప్పాడు. కూడబలుక్కుని చదివాను.

'ఫ్యాన్ మోతకి అమ్మకి నిద్ర పట్టడం లేదు. కొన్నాళ్ళు ఇలా ఉంచుదాం.'

నా మంచం ఆ గదిలోనే. తను రాత్రుళ్ళు నా పక్కనే పని చేసుకునేది.

అల్లుడు ఆ వరస తీసేశాడు. అంకె డెబ్బైకి ఎగిరింది. ఫ్యాన్ హోరుమంది. ఫైళ్ళు ఒక్కొక్కటే ఎక్కసాగాయి. ఇంతలో పక్కగదిలో పాప ఏడుపు.

"అంకె మళ్ళీ పడిపోతే పిలవండి అత్తయ్యా," అని వెళ్ళాడు.

చూస్తూ కూర్చున్నాను. అరవై ఎనిమిది. అరవై ఆరు. ఫ్యాన్ గాలి పాదాలకి వెచ్చగా తగులుతోంది. కళ్ళు బరువెక్కాయి...

నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది.

ఫ్యాన్ ఆగిపోయింది. తెర మీద ఇరవై ఒకటి. కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి వేశాను. చురుక్కుమంది.

"బాబూ..."

పరుగున వచ్చాడు. ఫైలు తెరిచాడు. తీసేసిన వరస మళ్ళీ అక్కడే ఉంది. దాని పైన ఉన్నది మాత్రం పాత మాట కాదు.

'అమ్మ పడుకుంది.'

"మీరు... ఏమైనా నొక్కారా?" గుసగుసగా అడిగాడు.

తల అడ్డంగా ఊపాను. నాకింకా ఒత్తులు తడబడతాయి. ఆ అక్షరాల్లో ఒక్క తప్పు లేదు.

అతని వేళ్ళు కదలడం లేదు. కాలిన వాసన ఎక్కువవుతోంది. డబ్బాకి దగ్గరగా వంగాను.

"పడుకోలేదే తల్లీ... మేలుకునే ఉన్నాను. తిరగనీ. నీ పాప కోసం."

ఏమీ లేదు...

ఫ్యాన్ ఒక్కసారి కదిలింది. ఆగింది. మెల్లగా... తిరిగింది.

ఇరవై తొమ్మిదో ఫైలు. ముప్పై. ముప్పై ఒకటి. అన్నీ ఎక్కాయి.

అప్పుడు ఫైళ్ళ జాబితా చివర ముప్పై రెండోది కనిపించింది. ఇద్దరం చూశాం. పేరు 'అమ్మకి'. నిడివి రెండు నిమిషాలు. తేదీ మేం కూర్చున్న ఆ రోజుదే.

అల్లుడు చెయ్యి చాపేలోపు తెర నల్లబడింది. మళ్ళీ వెలగలేదు.

పాప దగ్గర తల్లి గొంతు ఉంది. ఆ రెండు నిమిషాల్లో నాకేం చెప్పిందో ఎప్పటికీ తెలియదు. నాకు మిగిలింది చివరి రాత్రి తను అన్న మాటే. నుదురు చూద్దామని చెయ్యి వేయబోతే పక్కకి తోసేసింది. నేనూ నమ్మి వెళ్ళి నిద్రపోయాను.

"నాకేం లేదమ్మా, ఒళ్ళు చల్లగానే ఉంది. నువ్వెళ్ళి పడుకో."