కొత్త డిస్క్, నాలుగు నిమిషాలు

"మీ పాన్ కార్డు ఆధార్‌తో లింక్ కాలేదు. వెంటనే రండి."

మంగళవారం ఉదయం పదకొండూ ఇరవైకి ఈ మెసేజ్ వచ్చింది. ఆ సమయానికి ఏజెంట్ తారక్ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో అరవై మందికి కంప్యూటర్ హార్డ్‌వేర్ పాఠం చెబుతున్నాడు. లోకానికి తెలిసిన ఉద్యోగం అదే. డిపార్ట్‌మెంట్ కోడ్‌లో పాన్ కార్డు అంటే మనవాడి ప్రాణానికి ముప్పు. మార్కర్ మూత కూడా పెట్టకుండా రెండేసి మెట్లు దిగి మెట్రో ఎక్కాడు. పంజగుట్ట పక్క స్టేషనే.

అక్కడ ఒక టిఫిన్ సెంటర్ పైన నాలుగో అంతస్తులో 'ట్యాక్స్ కన్సల్టెన్సీ' అని బోర్డు ఉంటుంది. అది చూసి నిజంగానే రిటర్నులు ఫైల్ చేయించుకోవడానికి వచ్చే అమాయకులున్నారు. ముందు గదిలో వాళ్ళ పని జరుగుతుంది, వెనక గదిలో దేశం పని.

వెనక గదిలో చీఫ్ సూర్యనారాయణ నిలబడే ఉన్నారు. కాకినాడ మనిషి. ముప్పై ఏళ్ళ సర్వీసులో గొంతు పెంచి ఎరగరు. ఇవాళ తారక్ తలుపు తీయగానే అరిచినంత పని చేశారు.

"లిస్ట్ పోయిందయ్యా."

విదేశాల్లో మనవాళ్ళు ఏ మారుపేర్లతో తిరుగుతున్నారో రాసిన ఫైల్ అది. ఈ గదిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఉంటుంది. దానికి ఇంటర్నెట్ లేదు, పెన్ డ్రైవ్ పెట్టే చోటు కూడా మూసేశారు.

"ఎవరు సార్?"

చీఫ్ సీసీ కెమెరా రికార్డింగ్ చూపించారు. పదీ నలభై. నేవీ బ్లూ చీర, ముత్యాల దుద్దులు. తాపీగా స్క్రూలు విప్పి, లోపలున్న ఎస్‌ఎస్‌డీని, అంటే ఫైళ్ళుండే కొత్త డిస్క్‌ని, హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, కెమెరా వైపు చూసి జడ సర్దుకుంది.

మంజూష. రెండేళ్ళుగా డిపార్ట్‌మెంట్ నెత్తిన పెట్టుకున్న ఏజెంట్. ఆమె నవ్వితే ఎదుటివాడు తన ఏటీఎం పిన్ కూడా చెప్పేస్తాడని ఆఫీసులో అనుకునేవారు. చెప్పేసింది మనవాళ్ళే అన్నమాట, సిగ్గులేకపోతే సరి.

"విదేశీ గూఢచారుల రింగ్ పన్నెండింటికి లైన్ తెరుస్తుంది. అప్పుడు ఈమె లిస్ట్ పంపుతుంది. సరిగ్గా పన్నెండింటికే వాళ్ళ గదిలో, వాళ్ళ మధ్యలో మన లాజరస్ కూర్చుని ఉంటాడు," అన్నారు చీఫ్.

మారుపేరుతో ఆ రింగ్‌లో చొరబడ్డ లాజరస్ తారక్‌కి అన్నలాంటివాడు. ఐదు నెలల కిందట భార్య సెరీనా నిండు గర్భిణిగా ఉండగా విమానం ఎక్కాడు. పోయిన నెల యూసుఫ్‌గూడ చర్చిలో పాపకు పేరు పెడుతుంటే, తండ్రి నిలబడాల్సిన చోట పాపను ఎత్తుకుని నిలబడింది తారకే.

"ఫోన్ చేసి బయటికి లాగుదాం సార్."

"చెయ్యొచ్చు. ఒక్క రింగ్ ఇస్తే పారిపొమ్మని అర్థం. కానీ ఆ గదిలో ఫోన్ మోగిందంటే అక్కడికక్కడే అనుమానిస్తారు. బతికితే బతుకుతాడు, లేకపోతే లేదు. లిస్ట్ చేరితే మాత్రం ఆ కాస్త ఆశ కూడా ఉండదు." చీఫ్ గోడ గడియారం చూశారు. "పదకొండూ యాభై తొమ్మిది దాకా ఆగుతాను. ఆపైన నొక్కేస్తాను."

అప్పుడే తారక్ ఫోన్ మోగింది. అవతల మెట్రో అనౌన్స్‌మెంట్, దాని మీద తీరిగ్గా ఒక గొంతు.

"వెతుక్కుని అలిసిపోకండి తారక్ గారూ. ఆలస్యమైపోయింది."

"మంజూషా, లాజరస్‌కి ఇంట్లో పసిపాప ఉంది."

"ఎవరి పేరూ నాకు చెప్పకండి. ఆ లిస్టులో ఏ పేరు ఎవరిదో నాకు తెలీదు, తెలుసుకోను కూడా. అన్నట్టు, మీ డిస్క్ భలే స్పీడండీ. నా ల్యాప్‌టాప్‌కి పెడితే పన్నెండు సెకన్లలో తెరుచుకుంది. ఆ డొక్కు కంప్యూటర్లో ఎందుకు పెట్టుకున్నారో పాపం."

లైన్ కట్ అయింది. టైమ్ పదకొండూ నలభై ఏడు.

తారక్ కంప్యూటర్ వైపు తిరిగాడు. పన్నెండు సెకన్లా? ఈ గదిలో ఆ కంప్యూటర్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. చీఫ్ స్విచ్ వేసి కిందికెళ్ళి టీ తాగి వచ్చేవారు. స్లోగా ఉందనే ఆరు నెలల కిందట ఎస్‌ఎస్‌డీ వేయించారు. అయినా అదే నాలుగు నిమిషాలు. అరవై మందికి హార్డ్‌వేర్ నేర్పే మేధావిగారు మాత్రం, సొంత ఆఫీసు మిషన్ని "రేపు చూస్తాలెండి" అంటూ ఆరు నెలలు గడిపేశారు.

డిస్క్‌లోనే లోపముంటే అక్కడా స్లోగానే తెరుచుకోవాలి. అక్కడ పరుగెత్తిందంటే లోపం డిస్క్‌లో లేదు. మరి ఇక్కడ?

తారక్ దగ్గర బుల్లెట్ పేల్చే పెన్ను ఉంది, మాటలు పట్టే చొక్కా బొత్తాం ఉంది. ఇవాళ అక్కరకొచ్చింది స్క్రూడ్రైవర్. కేబినెట్ మూత తీశాడు. ఎస్‌ఎస్‌డీ కేబుల్ ఖాళీగా వేలాడుతోంది. దాని కింద పాత హార్డ్ డిస్క్, దుమ్ము పట్టి, వైర్లతో సహా అలాగే ఉంది.

వెంటనే ఆ ఎస్‌ఎస్‌డీ వేసిన అమీర్‌పేట మెకానిక్ మొగిలయ్యకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"మొగిలయ్యా, మా ఆఫీసు కంప్యూటర్లో పాత డిస్క్ తీయలేదా?"

"నేను తీస్తననే చెప్పిన అన్నా. మీ పెద్దసారే వద్దన్నడు. మంచిగున్నదాన్ని ఎందుకు పారేసుడు, లోపల పడి ఉండనీ అన్నడు."

తారక్ చీఫ్ వైపు చూశాడు. చీఫ్ కిటికీ వైపు చూశారు.

"బూట్ ఆర్డర్ మార్చావా? కంప్యూటర్ ముందు ఏ డిస్క్‌ని లేపాలో చెప్పే సెట్టింగ్. కొత్తదాన్ని ముందు పెట్టావా?"

"పాతదాంట్ల ఉన్నదంత కొత్తదాంట్లకు కాపీ చేసిన, గదైతే పక్కా. ఆర్డరంటే... గా దినం మస్తు రష్ ఉండె అన్నా. జర యాదికొస్తలేదు."

తారక్ ఫోన్ పెట్టేసి స్విచ్ నొక్కాడు. టైమ్ పదకొండూ యాభై ఐదు.

"ఏంటయ్యా ఇది?"

"ఆర్డర్ మార్చకపోతే, సార్, మనం ఆరు నెలలుగా పాత డిస్క్ మీదే పని చేస్తున్నట్టు. కొత్తది లోపల ఊరికే కూర్చుంది. అందులో ఉన్నది ఆరు నెలల నాటి కాపీ. అప్పటికి లాజరస్ ఇంకా వెళ్ళనే లేదు."

"మార్చి ఉంటే?"

"కొత్త పేర్లన్నీ ఆమె దగ్గరే ఉన్నట్టు. ఫైల్ తెరిచి తేదీ చూస్తేనే తెలుస్తుంది."

తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. పాత డిస్క్ కరకరమంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ముందు గదిలో ఎవరో ఫారం సిక్స్‌టీన్ గురించి అడుగుతున్నారు. మూడో నిమిషంలో చుక్కలు ఆగిపోయాయి, తెర నల్లబడింది.

"చచ్చిందా?"

"లేదు సార్. ఎప్పుడూ ఇంతే." ఆ మాట అతనికే నమ్మకం కలిగించలేదు. తన బద్ధకానికి ఆ పసిపాప తండ్రిని పోగొట్టుకుంటుందేమో.

పదకొండూ యాభై తొమ్మిది. పాస్‌వర్డ్ అడిగింది. చీఫ్ బొటనవేలు లాజరస్ నంబర్ మీద ఉంది.

"ఇక ఆగలేనయ్యా."

"పది సెకన్లు సార్."

ఫోల్డర్. ఫైల్. చివరిసారి మార్చిన తేదీ: నిన్న, సాయంత్రం ఆరూ పది. తెరిచాడు. ఆఖరి వరుసలో లాజరస్ మారుపేరు.

"నొక్కొద్దు సార్! ఇక్కడే ఉంది. లాజరస్ పేరు ఆమె దగ్గర లేదు."

చీఫ్ వేలు గాలిలో ఆగింది. గడియారం ముల్లు పన్నెండు దాటింది. ఇద్దరూ కుర్చీల్లో కూలబడ్డారు, తారక్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మంజూష పంపిన లిస్టులో మూడు పేర్లున్నాయి. ఇద్దరు రిటైరయ్యారు, మూడో ఆయన మాసబ్ ట్యాంక్‌లో ఒక ఆఫీసులో ఫైళ్ళు సర్దుకుంటున్నారు. చెత్త అంటగట్టిందని రింగ్ ఆమెకు పంపాల్సిన కారు పంపలేదు. ఒంటిగంటకు పంజగుట్ట మెట్రో మెట్ల దగ్గర ఇంకా దారి చూస్తూనే మనవాళ్ళకు దొరికింది.

మూడింటికి లాజరస్ నుంచి కబురు వచ్చింది. చీఫ్ పైకి చదివారు.

"క్షేమం. నన్ను పూర్తిగా నమ్మేశారు. వీళ్ళ కంప్యూటర్ తెరుచుకోవడానికి ఆరు నిమిషాలు పడుతోంది, మంచి మెకానిక్ ఉంటే తీసుకురమ్మంటున్నారు."

చీఫ్ కళ్ళజోడు తుడుచుకుని, తారక్ వైపు చూసి, నెమ్మదిగా అడిగారు.

"ఏమయ్యా, మొగిలయ్యకి పాస్‌పోర్ట్ ఉందా?"