ఏడో ఊళ్ళో ఆగిన పరుగు

"మబ్బూ మబ్బూ కారుమబ్బూ, మా కల్లంకేసి రాకే
ఎర్రకాయ ఆరలేదు, ఏడిపించి పోకే..."

తర్వాతి వరస నాకు గుర్తు లేదు. దాని తర్వాతది మాత్రం ఉంది.

"దీపమెట్టి అరుగు మీద అవ్వ చూస్తు ఉందే."

మధ్యలో వరస ఎప్పుడు జారిపోయిందో తెలియదు. పదేళ్ళ పిల్లలం మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయ ఏరుతూ, పడమట నల్లబడిందంటే చాలు ఈ పాట ఎత్తుకునేవాళ్ళం. అడుగుదామంటే నాతో పాడినవాళ్ళు ఒక్కరూ లేరిప్పుడు. నా మనవరాలు బిందుమాధవి మాత్రం వదిలేది కాదు. "ఆలోచించు నాయనమ్మా, ఒక్క మాటైనా గుర్తొస్తుంది" అనేది. రాలేదు.

నా పేరు బసవమ్మ. చిలకలూరిపేట నుంచి అద్దంకి వెళ్ళే దారిలో, రోడ్డుకి రెండు కిలోమీటర్లు లోపలికి మా ఊరు. మా అబ్బాయి నాగేంద్రబాబు మూడెకరాలు మిరప, ఎకరం పత్తి వేస్తాడు. ఇంటి వెనకే కల్లం. నాకు అరవై నాలుగో ఏట అక్షరాలు వచ్చాయి. నేర్పింది బిందు. పలక మీద కాదు, ఆటలో.

ఆ ఆట సంగతి చెప్పాలి. ల్యాప్‌టాప్‌లో ఆడేది. దీపం పట్టుకున్న ఆడపిల్ల ఒకతి, తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ ఏడు ఊళ్ళు దాటి పోతుంది. దారిలో మనుషులు ఎదురవుతారు, వాళ్ళ కష్టం చెప్పుకుంటారు. సాయం చేస్తే కత్తో మందో ఇస్తారు. అందరినీ పలకరిస్తూ ఆడితే నలభై గంటలు పడుతుందట. బిందు నాలుగు గంటల్లో తేల్చేసేది. అదే పందెం, పరుగు అంటారట వాళ్ళు. ఎవరు తక్కువ సమయంలో చివరికి చేరతారా అని ఎక్కడెక్కడి దేశాల పిల్లలో పోటీ పడతారట.

"ఆట అంటే ఆడుకోవడానికి కదే, ఇంత తొందరెందుకు?" అన్నాను మొదట్లో.

"మరి నువ్వు మిరపకాయ తొడిమలు తీసేటప్పుడు ఎందుకు అంత తొందరపడేదానివి?"

"పక్కదాని బుట్ట నాకంటే ముందు నిండకూడదని."

"ఇదీ అంతే."



ఆ ఆటలో మొదటి ఇంట్లో ఒక ముసలామె ఉంటుంది. ఆ పిల్లకి అవ్వ. ఆమెతో మాట్లాడితేగానీ తలుపు తెరుచుకోదు. బిందు మాత్రం పిల్లని వెనక గోడ మూలకి తీసుకుపోయి, వీపు గోడకి ఆనించి, ఏవో రెండు మీటలు ఒకేసారి నొక్కేది. పిల్ల గోడలోంచి జారి అవతల పడేది. నాకు మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. గోడలోంచి మనిషి పోవడమేమిటి? ముసలామె ఏమో గదిలో అలాగే కూర్చుని ఉండేది, మనవరాలు వెళ్ళిపోయిందని కూడా తెలియకుండా.

"ఆ ముసల్దాన్ని ఒక్కసారి పలకరించి పోవే."

"నలభై సెకన్లు పోతాయి నాయనమ్మా."

"నలభై సెకన్లకే కొంప మునుగుతుందా?"

"మునుగుతుంది. నా పైవాడు నాకంటే పదకొండు సెకన్లే ముందున్నాడు. బ్రెజిల్ వాడు."

"వాడి దిష్టి తగలెయ్య. వాడికి నాయనమ్మ లేదా?"

పకపకా నవ్వేది. నవ్వితే దానికి దగ్గు వచ్చేది. కాయ ఎండేకాలమంతా ఘాటుకి దానికి ఆ దగ్గు ఉండేది, రెండు చిన్నవి, ఒక పెద్దది.

నాకోసమే ఆ ఆటలో మాటలన్నీ తెలుగులోకి మార్చింది. ఊరి పేర్లు నేను కూడబలుక్కుని చదివేదాన్ని. ఉప్పుగట్టు, గువ్వలదిబ్బ, జొన్నపాడు... అలా వచ్చాయి నాకు ఒత్తులు, గుణింతాలు. "మరి ఆ అవ్వ మాటలు కూడా రాశావా?" అని అడిగాను.

"రాశా. ముందు రికార్డు కొట్టనీ. తర్వాత ఒకరోజు నీకోసం మెల్లగా ఆడతా. గోడలోంచి కాదు, తలుపులోంచే పోదాం. అప్పుడు నువ్వే చదువుదువుగాని."

నాకూ ఒక పని ఇచ్చింది. పాత ఫోన్లో గడియారం పెట్టేది. ఒక్కో ఊరు దాటగానే "నొక్కు" అనేది, నేను ఆకుపచ్చ బొత్తాం నొక్కేదాన్ని. ఎర్ర బొత్తాం చివర్న, ఆట ముగిశాక. ఒకసారి మొదలయ్యాక గడియారం మధ్యలో ఆపకూడదు. మంచినీళ్ళు తాగినా, కరెంటు పోయినా అది నడవాల్సిందే. అదే వాళ్ళ నియమం. దాని కాలేజీ స్నేహితురాలు అనీసా ఆదివారాలు పేట నుంచి వచ్చి చూసి, "మామ్మగారి బొటనవేలు మిషన్ కంటే ఫాస్టు" అనేది. గర్వంగా ఉండేది నాకు.

పోయిన ఏడాది ఏప్రిల్లో, ఒక మధ్యాహ్నం.

పరుగు పొద్దున మొదలైంది. మొదటి ఊరి నుంచే బాగా కుదిరింది. ఐదో ఊరు దాటేసరికి బిందు మాట్లాడటం మానేసింది. ఏడో ఊరికి వచ్చేసరికి దాని పెదవులు తెల్లబడ్డాయి. "నాయనమ్మా, వాడికంటే రెండు నిమిషాలు ముందున్నా" అంది గుసగుసగా. ఇంకో ఐదు నిమిషాలుంటే అయిపోయేది.

అప్పుడు గదిలో వెలుతురు తగ్గింది.

కల్లంలో సంవత్సరం పంటంతా ఆరబోసి ఉంది. నాగేంద్ర కేక వినబడింది. "పట్టలు! పట్టలు కప్పాలి, రండే!" కోడలు పుట్టింట్లో ఉంది. టార్పాలిన్ పట్ట ఒక్కడి వల్ల కాదు, రెండో కొస ఎవరైనా పట్టుకోవాలి. నేను గోడ పట్టుకుని లేవబోయాను. బిందు ఒక్క చేత్తో నా భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"ఆ మోకాళ్ళతోనా? కూర్చో. నేను ఫాస్టు."

గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఒక మాట అంది. అది చివర్లో రాస్తాను. ఇప్పుడు చెయ్యి సాగటం లేదు.

నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మబ్బు ఆగుతుందేమోనని ఆ పాటే పాడుకున్నాను, మధ్య వరస లేకుండా. తెరమీద పిల్ల దీపం పట్టుకుని నిలబడి ఉంది. తర్వాత తెల్లగా ఒక్క మెరుపు. ఆ చప్పుడు.

పిడుగు పట్టకి అటు కొసన ఉన్నదాన్ని తీసుకుపోయింది. ఇటు కొసన ఉన్న తండ్రికి ఒక చెవి పోయింది. అంతే.

ల్యాప్‌టాప్ ఆ రాత్రికే చార్జి అయిపోయి ఆరిపోయింది. మూత దించేశాను. మళ్ళీ ఎవరూ తెరవలేదు. ఫోను మాత్రం నేను ఆరనివ్వలేదు. రోజూ చార్జింగు పెట్టాను. గడియారం నడుస్తూనే ఉంది. వంద గంటలు. వెయ్యి. నాలుగు వేలు... అంత పెద్ద అంకెలు చదవడం కూడా నాకు అలాగే వచ్చింది.

ఏడాది నిండే ముందు రోజు నాగేంద్ర నా దగ్గర కూర్చున్నాడు.

"రేపు ఆపెయ్యమ్మా."

"ఏంట్రా?"

"తెలుసుగా. అది నడుస్తున్నంతసేపూ నా బిడ్డ ఇంకా వానలోనే నిలబడి ఉన్నట్టుంటుంది నాకు. ఆపెయ్యి. దాన్ని పోనీ."

వాడు నా ముందు ఏడవడం చిన్నప్పటి తర్వాత అదే చూడటం. సరేనన్నాను. ఆపితే బిందు పోతుంది, ఆపకపోతే ఇక్కడే తిరుగుతూ ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ అది నాతో అన్న మాట ఒకటుందే... దాన్ని ఏం చేయను?

మర్నాడు పన్నెండింటికి బిందు ఫోటోకి దండవేసి, దానికిష్టమైన గోంగూర పచ్చడి, అన్నం పెట్టాం. అనీసా వచ్చింది. భోజనాలు పక్కింటివాళ్ళ షెడ్డులో. అందరూ అటు వెళ్ళారు. "నేను ఒక్కదాన్నే ఆపుతాను" అని ఫోను తీసుకుని బిందు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

బయట ఎండ మండిపోతోంది. కాయ ఘాటు రాకుండా కిటికీలు మూసి ఉన్నాయి. ఒక్క సందులోంచి ఎండ సన్నగా గోడ మీద గీత గీసింది. కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. అంత నిశ్శబ్దం నేను ఆ ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

బొటనవేలు ఎర్ర బొత్తాం మీదికి తెచ్చాను.

వాసన వచ్చింది.

ఎండుకాయ ఘాటు కాదు. అది ముక్కుకి మంట పెడుతుంది. ఇది తడిసిన కాయ వాసన, పులిసినట్టు, మగ్గినట్టు. దాని వెనకే మట్టి వాసన. వాన మట్టి. సందులో చూస్తే ఎండ అలాగే ఉంది...

టకటక. టకటక.

మీటల చప్పుడు. బిందు వేళ్ళ చప్పుడు నాకు తెలియదా? మూసి ఉన్న ల్యాప్‌టాప్‌లోంచి వస్తోంది. మూత కింద సన్నగా వెలుతురు.

ఏడాదిగా చార్జి లేదు దానికి. కరెంటు కూడా లేదు.

మూత ఎత్తాను.

ఏడో ఊరు. పిల్ల అక్కడే నిలబడి ఉంది, దీపం పట్టుకుని. నేను చూస్తుండగా వెనక్కి తిరిగింది. పరుగెత్తింది. ముందుకి కాదు. ఆరో ఊరు. ఐదో ఊరు. గోడల్లోంచి జారుతూ, కొండలు దూకుతూ, బిందు చేయించినట్టే... కానీ తిరుగుదారి. పైన పేర్లు నేను చదివేలోపే మారిపోతున్నాయి. జొన్నపాడు. గువ్వలదిబ్బ. ఉప్పుగట్టు.

మీటలు ఒక్కటీ కదలటం లేదు. చప్పుడు మాత్రం ఆగలేదు.

మొదటి ఇల్లు.

ఇక్కడ గోడలోంచి వస్తుందనుకున్నాను. రాలేదు. పిల్ల ఇంటి చుట్టూ తిరిగి వాకిట్లోకి వచ్చింది. తలుపులోంచే లోపలికి వచ్చింది. మెల్లగా నడిచి ముసలామె ముందు ఆగింది.

చప్పుడు ఆగింది.

ముసలామె కింద ఆమె మాటలు పడే పెట్టె తెరుచుకుంది. ఒక్కో అక్షరం పడుతోంది. నేను కూడబలుక్కున్నాను.

"తడిసొచ్చే... పిల్లదాన్ని... తలుపు తీసి... పిలువే."

 అదే. అదే ఆ వరస. యాభై ఏళ్ళ కిందట పాడిన వరస. నేను ఎవరికీ చెప్పలేదు, నాకే తెలియదు కదా...

నా వెనక, ఆ గదికి కల్లం వైపున్న రెండో తలుపు అవతల, ఏదో నేల మీద ఈడుస్తున్న చప్పుడు. బరువుగా. తడి పట్ట ఈడిస్తే అలాగే ఉంటుంది. గడప దగ్గర ఆగింది.

దగ్గు. రెండు చిన్నవి. ఒక పెద్దది.

"బిందూ?"



భయం వేసింది. కాదనను. కానీ ఏడాదంతా వానలో నిలబడ్డ పిల్ల అది. ఫోను మంచం మీద పెట్టాను. మోకాళ్ళు పట్టుకుని లేచాను. గడియ తీశాను.

"రావే తల్లీ... లోపలికి రా."

తలుపు తెరిచాను. ఎండ కళ్ళలో కొట్టింది. కల్లం నిండా ఎర్రగా కాయ, గలగలలాడేంత పొడిగా. ఎవరూ లేరు. నా పక్కనుంచి చల్లగా ఏదో లోపలికి వెళ్ళినట్టయింది, అంతే.

వెనక నుంచి టిక్‌మని చిన్న చప్పుడు.

తిరిగి చూశాను. ల్యాప్‌టాప్ నల్లగా ఉంది. మంచం మీద ఫోనులో గడియారం ఆగిపోయింది. ఫోను అద్దం మీద తడి వేలిముద్ర, మిరపకాయ రంగులో.

నా కేకకి అందరూ పరుగెత్తుకొచ్చారు. అనీసా ఆ ఫోను చూసి నా మొహం చూసింది. "మీరేనా నొక్కింది మామ్మగారూ?" అంది. నేను చెయ్యి చూపించాను. పొడిగా ఉంది. తర్వాత తన ల్యాప్‌టాప్‌లో, బిందు ఎక్కించి ఇచ్చిన తెలుగు ఆటలో ఆ అవ్వ దగ్గరికి వెళ్ళి చూసింది. పాట వరస లేదు అక్కడ. బిందు రాసింది ఒక్క ముక్కే ఉంది. "అన్నం తిని పోవే, బయట మబ్బేసింది."

 నాగేంద్ర గడప దగ్గర కూర్చుని నేల మీద వేలు పెట్టి చూపించాడు. ఆ ఎండలో, గచ్చు మీద, తడి పాదాలు. చిన్నవి. కల్లం నుంచి గడప దాటి మంచం దాకా వచ్చాయి. మేమంతా ఇల్లంతా వెతికాం. లోపలికి వచ్చిన అడుగులే ఉన్నాయి. బయటికి వెళ్ళినవి లేవు.

సాయంత్రానికి అవి ఆరిపోయాయి. ఆ గదిలోనే పడుకుంటున్నాను ఇప్పటికీ. రోజూ రెండో కంచంలో అన్నం పెడుతున్నాను. ఆ రోజు గడప మీద వెనక్కి తిరిగి, నవ్వుతూ, వానగాలికి జుట్టు మొహం మీద పడుతుంటే, అది నాతో అన్న ఆఖరి మాట ఇది:

"నువ్వు నొక్కకు నాయనమ్మా. నేనొచ్చి నొక్కుతా."