మేనమామ మోసే గంప

గంప లేదు! పోదనూరులో ఆడబిడ్డ కాంతమ్మాళ్ ఇంటి హాలంతా తిలకవతి మరోసారి కళ్లతో వెతికింది. జరీకాగితం చుట్టిన కొబ్బరికాయలున్నాయి, పూసల తోరణం ఉంది, పెళ్లి సీరు, అంటే సారె, పెట్టే ఇత్తడి తట్టలు చెమ్కీలతో మెరుస్తున్నాయి. అన్నీ నిన్న శనివారం పొద్దుటి నుంచి తాను వేళ్లు నొప్పిపుట్టేలా కూర్చుని చేసినవే. కాని పెళ్లికూతురిని కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకెళ్లే వెదురు గంప మాత్రం కనబడదేం? తమవాళ్లలో గంప లేని పెళ్లి ఒక్కటే... మేనమామే పెళ్లికొడుకయ్యే పెళ్లి! పెళ్లికూతురు వల్లికి మేనమామ తన భర్త రాధాకృష్ణన్ ఒక్కడే.

పెళ్లయి ఇన్నేళ్లయినా తిలకవతి కడుపు పండలేదు. ఆడబిడ్డ కూతురు వల్లిని మిల్లు కార్మికుల లైనులోని తమ ఇంట్లో ఉంచుకుని, తల దువ్వి, కారియర్ కట్టి, స్కూలు చదువంతా చదివించింది తనే. అయ్యో, ఆ పిల్లనే తనకు సవతిగా తెస్తున్నారా! రెండు రోజులుండి రమ్మని ఆయన ఎంత తొందరగా బస్సెక్కించాడు! పైగా ఇక్కడికొచ్చి సంచి విప్పితే అడుగున తన ముహూర్తపు చీర... తాను పెట్టలేదు, సంచి సర్దింది ఆయనే. చీరతో సహా తనను వదిలించుకున్నాడన్నమాట.

కాంతమ్మాళ్ మర్యాదలు చూస్తే ఇంకా భయం వేసింది. అడక్కుండానే కాఫీ, విస్తరిలో మరో బూరె, తలకు మల్లెపూలు... ఏనాడూ ఇంత ప్రేమ ఒలకబోయలేదు కదా! పెళ్లికొడుకు ఎవరని అడిగితే, తాంబూలాలు మార్చుకునేదాకా పేరు చెప్పకూడదని తన అత్తగారు తంగమ్మాళ్ కట్టడి చేసిందని కాంతమ్మాళ్ తప్పించుకుంది. ఆ ముసలావిడ వెనకగదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని తిరుగుతోంది. అత్తాకోడళ్లు గుసగుసలాడటం, తను వెళ్లగానే నోరు మూసుకోవడం! ఆదివారం మధ్యాహ్నానికి తిలకవతి ఇక ఓర్చుకోలేకపోయింది. సూది పక్కన పడేసి, సంచి భుజాన వేసుకుని కాంతమ్మాళ్ ఎదుట నిలబడింది.

“గంప ఏది వదినా? మీ తమ్ముడే వల్లిని కట్టుకునే మాప్పిళ్ళైతే ఆ మాట నా మొహాన చెప్పండి. నేను పోతాను.”

కాంతమ్మాళ్ అక్కడే చతికిలబడి కొంగుతో మొహం కప్పుకుంది.

“వల్లిని చేసుకొమ్మని వాణ్ని అడిగింది నిజమే తిలకా. మా అత్త అడిగింది, నేనూ గమ్మునుండి పోతిని. నీ మొగుడు ఏమన్నాడో తెలుసునా? ‘దాన్ని పెంచింది నా పెండ్లాం, అది మా బిడ్డ. బిడ్డను గంపలో మోస్తాను గాని తాళి ఎట్ల కడతాను?’ అన్నాడు. మాప్పిళ్ళ కంబం ఊరి పిల్లోడమ్మా, ద్రాక్షతోట వాళ్లు.”

మరి గంపనెందుకు దాచారని తిలకవతి ఏడుస్తూ అడిగింది. కాంతమ్మాళ్ తలెత్తకుండానే చెప్పింది. మేనమామ భార్య తన ముహూర్తపు చీరతో గంపకు పరుపు కుట్టడం కాంతమ్మాళ్ అత్తింటి వాడుక. అందుకే తమ్ముడితో చెప్పి చీర తెప్పించింది. బిడ్డలు లేనిదాని చీర గంపలో వద్దని ముసలావిడ మొండికేసి, గంపను గదిలో పెట్టి తాళం వేసింది. ఆ మాట తిలకవతి చెవిన పడకుండా అత్తను ఒప్పించాలని కాంతమ్మాళ్ రెండు రోజులుగా గుట్టుగా పోరాడుతోంది. ఇంతసేపూ ఈవిడనా తాను అనుమానించింది!

అప్పుడు వల్లి వచ్చి తిలకవతి సంచి తీసి కింద పెట్టింది. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అవ్వకు చెప్పేసినానత్తా. నీ చీర లేకుంటే నేను గంప ఎక్కను. మండపానికి నడిచే పోతాను.”

గుమ్మంలో నిలబడ్డ తంగమ్మాళ్ ఎవరి మొహమూ చూడలేదు. బొడ్లోంచి తాళంచెవి తీసి, చెమ్కీల తట్టలో పెట్టి, నెమ్మదిగా వంటింట్లోకి వెళ్లిపోయింది.

గంప వచ్చింది. పసుపు పూసిన కొత్త వెదురు వాసన హాలంతా నిండింది. తిలకవతి సంచి అడుగునుంచి ఎర్రచీర తీసి ఒళ్లో పరుచుకుంది. కత్తెర పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది, కన్నీటి చుక్క జరీ అంచు మీద పడింది.

“రెండు మడతలు వేస్తాను వదినా,” అంది ముక్కు తుడుచుకుంటూ. “మీ తమ్ముడు నడిస్తే ఒక పక్కకు ఒరుగుతాడు. నా బిడ్డకు వెదురు గుచ్చుకుంటుంది.”