జాషువా కట్టిన ప్యానెల్

ప్రొద్దుటూరు దాటి ఎర్రగుంట్ల దారిన పోతే వచ్చే నూనె మిల్లుకు ఆదివారం సెలవు. ఉదయపు ఆరాధన ముగించుకొని సంజీవ్ నేరుగా అక్కడికే వచ్చాడు. వెంట భార్య సుజాత కూడా వచ్చింది. మిల్లులో ఎలక్ట్రీషియన్ ఉద్యోగమూ, ఈ ఇల్లాలూ, రెండూ ఆమె మొదటి మొగుడు జాషువా జ్వరంతో పోయిన తరువాతే అతనికి దక్కాయి.

జాషువా కట్టిన కెపాసిటర్ల ప్యానెల్ మాత్రం ఇంకా కరెంటు గది గోడవార నిలబడి సన్నగా హోరు పెడుతూనే ఉంది. వెనకబడిపోయే కరెంటును వోల్టేజీతో సమంగా అడుగు వేయించడమే దాని పని. "జాషువా చెయ్యి తగిలినంక ఈ మిషన్లు పెండ్లికొడుకుల మాదిరి నడుస్తాండాయప్పా, నువ్వు దుమ్ము తుడిస్తే సాలు," అని యజమాని ముదస్సిర్ నవ్వేవాడు. ఆ మాటను సంజీవ్ ఎలాగో సహించాడు. అన్నం తెచ్చిన ప్రతిసారీ సుజాత ఆ రేకు తలుపుకు అరచెయ్యి ఆనించి నిలబడిపోవడమే అతనికి మింగుడుపడలేదు.

మోటార్ల వేగాన్ని మార్చే కొత్త డ్రైవుల వల్ల కరెంటు అల రంపపు పళ్ళలా చెడిపోతోందనీ, కెపాసిటర్లకు ముందు ఆ పళ్ళను అడ్డుకునే రియాక్టర్లు చేరిస్తే చాలుననీ సంజీవ్‌కు తెలుసు. అయినా తప్పంతా ప్యానెల్‌దేనని ముదస్సిర్‌ను నమ్మించాడు. దాన్ని పీకేస్తే గాని జాషువా తన ఇంట్లోంచి కదలడు.

మెయిన్ స్విచ్ దించాడు. హోరు ఆగింది. కిటికీ లేని ఆ గదిలో వేరుసెనగ చెక్క వాసన, కాగిన రేకు వాసన మిగిలాయి. పద్ధతి ప్రకారం, నిలవ కరెంటు పోవడానికి ఒక కెపాసిటర్ కొనలను తీగతో కలిపాడు. చిటుక్కున రవ్వ లేచింది. దాన్ని విప్పి నేల మీద పడుకోబెట్టాడు.

ఒక్కసారితో ఖాళీ కావలసిందే, అయినా మళ్ళీ కలిపాడు. మళ్ళీ రవ్వ...

ఇంకోసారి. మళ్ళీ...

మీటరు తీగలు ఆ కొనలకు తగిలించాడు. తెర మీద వోల్టేజీ అల లేచింది. ఏ లైనుకూ తగలని కెపాసిటర్‌లోంచి... ఒక్క పన్నైనా లేకుండా, నున్నగా, నింపాదిగా.

కరెంటును కొలిచే క్లాంపును అతను ఇంకా దేనికీ పెట్టలేదు. అయినా రెండో అల లేచింది. మొదటి దానిలో అచ్చంగా ఒదిగిపోయింది. రెండూ ఎంత జోడుగా నడుస్తున్నాయో చెప్పే పవర్ ఫ్యాక్టర్... ఒకటి.

తలెత్తాడు. క్లాంపు సుజాత మణికట్టును చుట్టుకొని ఉంది.

"ఏం చేస్తాండావు?" అన్నాడు.

"ఆయప్పను ఈడ పండబెట్టినావు గదా," అంది నేలకేసి చూస్తూ. "చెయ్యి పట్టుకున్యా. అంతే."

అతను క్లాంపును లాగి తన మణికట్టుకు పెట్టుకున్నాడు. చూశాడు. ఇంకా చూశాడు. కరెంటు గీత చదునుగానే ఉండిపోయింది.

"నీకు పలకదులే," అంది మెల్లగా, ఓదార్చినట్లు.

ఆమె ఎండలోకి నడిచింది. వాకిట పరచిన పొట్టు ఆమె పాదాల కింద నలుగుతోంది. పక్కనే, మూరెడు దూరంలో, అంతకన్నా లోతుగా మరో జత అడుగులు పడుతున్నాయి... ముందూ కాకుండా, వెనకా కాకుండా.