క్యాసెట్టు రెండో వైపు

జూన్ నెల. బడులు ఇంకా తెరవలేదు. జీవరాజు ఆఫీసుకి బయల్దేరుతుంటే భార్య రూతు ఎప్పటిలాగే టిఫిన్ క్యారేజీ అందించింది. కూతురు హెలెన్ ఇంకా తల దువ్వుకుంటోంది.

“కంప్యూటర్ క్లాసుకి టైమవలేదా?” అన్నాడతను.

“ఇవాళ లేటుగా వెళ్తానండీ నాన్నగారూ,” అంది హెలెన్ అద్దంలోంచే.

జీవరాజు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. చర్చిలో ఇరవై అయిదేళ్లుగా క్వాయర్ మాస్టరు. ముప్ఫైమంది పాడుతుంటే ఎవరు శ్రుతి తప్పారో కళ్లు మూసుకుని చెప్పేస్తాడని పేరు. ఉద్యోగం కన్నా ఆ పేరే అతనికి ముద్దు.

ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చున్నాడో లేదో, పక్క సీటు తాతాజీ వచ్చి చెయ్యి కలిపాడు.

“మాటమాత్రమైనా చెప్పలేదేంటండీ మాస్టారూ! మా మేనల్లుడు రాజమండ్రి నుంచి పట్టుకొచ్చాడు. పొద్దున్నించీ ఇంట్లో ఇదే మోత!”

తాతాజీ చేతిలో క్యాసెట్టు ఉంది. అట్ట మీద నలుగురు పిల్లలు. ముగ్గురు కుర్రాళ్లు, వాళ్ల మధ్య ఎలక్ట్రిక్ గిటారుతో హెలెన్. పైన, కాలవ తలుపుల బొమ్మ మీద, ‘లాకులు’ అని పెద్ద అక్షరాలు, కింద ‘కార్ల షెడ్డు బ్యాండ్ కొత్త పాటలు’ అని చిన్న అక్షరాలు.

జీవరాజుకి ఒక్క క్షణం అక్షరాలు కనపడలేదు. ఆ గిటారు పట్టుకున్నది తన కూతురని తెలుస్తూనే ఉంది, కానీ నమ్మకం కలగలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పి, క్యాసెట్టు అడిగి తీసుకుని, సైకిలెక్కి ఇంటికి వచ్చేశాడు.

గుమ్మంలోనే అరిచాడు. “హెలెన్! ఏంటిది?”

హెలెన్ క్యాసెట్టు చూసి తెల్లబోయింది. “సాయంత్రం నేనే చెబుదామనుకున్నానండీ. రాజమండ్రిలో నిన్ననే రిలీజయింది.”

“ఆర్నెల్లుగా నువ్వు వెళ్తున్నది క్లాసుకి కాదన్నమాట!”

“క్లాసుకి వెళ్తున్నానండీ. పన్నెండింటికి అయిపోతుంది. తరవాత సత్తిరాజుగారి కార్ల షెడ్డులో ప్రాక్టీసు. ఇవాళ సాయంత్రం అక్కడే అందరి ముందూ పాడతాం. మీకు చెబితే ఒప్పుకోరు.”

“ఎలా ఒప్పుకుంటానే? గ్రీజు షెడ్డులో, మగపిల్లల మధ్య ఆ గోలేంటి? ఆదివారం నేను ఏ మొహం పెట్టుకుని క్వాయర్ ముందు నిలబడాలి?”

“నేను తప్పు పనేం చెయ్యలేదు.”

“అబద్ధం చెప్పావుగా! అది చాలదా?”

వంటింట్లోంచి రూతు వచ్చింది. ఆమె మొహంలో కోపం గానీ ఆశ్చర్యం గానీ లేవు. అది చూసి జీవరాజుకి ఒళ్లు మండింది.

“నీకూ తెలుసన్నమాట.”

రూతు తల ఊపింది.

అతను క్యాసెట్టు పెట్టెలోంచి తీసి టేపు బయటికి లాగబోయాడు. హెలెన్ అతని చెయ్యి పట్టుకుంది.

“ఆగండి నాన్నగారూ. రెండో వైపు మొదటి పాట ఒక్కటి వినండి. ఆ తరవాత మీ ఇష్టం.”

“వద్దే హెలెన్,” అంది రూతు గబుక్కున.

ఆ కంగారు చూసి, లోపల ఇంకేం ఉందోనని జీవరాజు తనే క్యాసెట్టు టేప్‌రికార్డర్‌లో పెట్టి మీట నొక్కాడు.

డ్రమ్స్ దడదడలాడాయి. గిటారు చెవులు చిల్లులుపడేలా అరిచింది. అతను మొహం చిట్లించాడు. ఉన్నట్టుండి వాద్యాలన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఒక స్త్రీ గొంతు లేచింది.

“లాకులెత్తారు, నీళ్లొస్తున్నాయి, గట్టెక్కి పక్కకి జరగండి...”

జీవరాజు మొహంలో చిరాకు పోయింది. ఆ గొంతు బిగువుగా, స్వచ్ఛంగా ఉంది. పై స్థాయికి వెళ్లినా ఎక్కడా అరుపనిపించలేదు. తెలియకుండానే అతని వేళ్లు బల్ల మీద తాళం వేశాయి.

పాట అయ్యాక అడిగాడు. “ఎవరావిడ? ఇలాంటి గొంతు మన చర్చిలో ఒక్కటి లేదు.”

హెలెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “అమ్మండీ.”

“ఏ అమ్మ?”

“మా అమ్మ.”

జీవరాజు రూతు వైపు తిరిగాడు. ఆమె గోడకానుకుని నేలచూపులు చూస్తోంది. కుర్చీలో కూలబడ్డాడు.

“నీ గొంతు నాకు తెలీదా రూతూ? ప్రతి ఆదివారం క్వాయర్లో రెండో వరసలో నా ఎదురుగానే పాడతావు కదా?”

“పాడనండీ,” అంది రూతు మెల్లగా. “ఇరవై రెండేళ్లుగా ఉత్తినే పెదాలు కదుపుతున్నాను.”

“ఎందుకు?” అన్నాడతను.

“పెళ్లయిన మొదటి క్రిస్మస్‌కి పాస్టరుగారు నన్ను ఒక్కదాన్నే పాడమన్నారు. అందరూ మెచ్చుకున్నారు. మాస్టారి కన్నా వాళ్లావిడే బాగా పాడిందని ఎవరో నవ్వారు. ఇంటికొచ్చాక మీరు, ‘నలుగురిలో నీ గొంతు పైకి వినపడకూడదు’ అన్నారు. నేను తగ్గించుకుంటూ వచ్చాను. చివరికి మానేశాను. ఎప్పుడో ఒకరోజు మీకే తెలుస్తుందిలే అనుకున్నాను.”

“నాకూ మొన్న మొన్నటిదాకా తెలీదు నాన్నగారూ,” అంది హెలెన్. “రికార్డింగు రోజు పాడే అబ్బాయికి గొంతు పోయింది. అమ్మ మాకు అన్నం తెచ్చింది. ‘నేను చూడనా?’ అంది. మేం నలుగురం నోళ్లు తెరుచుకుని ఉండిపోయాం.”

జీవరాజుకి ఆ క్రిస్మస్ గుర్తొచ్చింది. చలి, కొత్త చీరలో రూతు, జనం చప్పట్లు, ఆ నవ్వు విని తను పళ్లు బిగించడం, అన్నీ గుర్తొచ్చాయి. తను అన్న మాట మాత్రం ఎంత వెతికినా గుర్తు రాలేదు. తను మర్చిపోయిన ఆ ఒక్క మాటని ఈ మనిషి ఇన్నేళ్లు మోసింది! రెండు చేతుల్లో మొహం దాచుకుని, కూతురి ముందే వెక్కి వెక్కి ఏడ్చాడు.

రూతు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

“నన్ను క్షమించు రూతూ. నీ మీద అసూయపడ్డాను. ఆ సంగతి అప్పుడు నాకు నేనే ఒప్పుకోలేకపోయాను.”

చాలాసేపటికి అతను మొహం కడుక్కొచ్చాడు. “హెలెన్, అబద్ధం చెప్పినందుకు నాకింకా కోపంగానే ఉంది.”

“ఉండాలండీ. ఇంకెప్పుడూ చెప్పను.”

“సాయంత్రం షెడ్డుకి నేనూ రావచ్చా?”

హెలెన్ తల్లి వైపు చూసింది. రూతు కాసేపు ఆలోచించింది. “రండి. కానీ వెనక నిలబడండి. మీరు ఎదురుగా ఉంటే నాకు గొంతు పెగలదు.”

సాయంత్రం అయిదింటికి సత్తిరాజు కార్లన్నీ రోడ్డు మీదికి తోయించి షెడ్డు ఖాళీ చేయించాడు. కాలేజీ పిల్లలు, మెకానిక్కులు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కలిసి వందమంది చేరారు. జీవరాజు అందరికన్నా వెనక, పాత టైర్ల పక్కన నిలబడ్డాడు.

రూతు పాడింది. మొదటి చరణంలో గొంతు కొంచెం వణికింది. రెండో చరణానికి షెడ్డంతా నిండిపోయింది. పిల్లలు ఈలలు వేస్తుంటే ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది.

జీవరాజు జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు. అందరూ చూస్తుండగా ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“ఇంకొక్కటి పాడతావా రూతూ?”

పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమెని పాడమని అడగడం అదే మొదటిసారి.

“మీరు అడిగారుగా,” అంది రూతు కళ్లు తుడుచుకుంటూ. “పాడతాను.”

ఈసారి అతను వెనక్కి వెళ్లబోతే రూతు అతని చెయ్యి వదల్లేదు.