మొహమాటపు సమ్మతి

"మీ ఛాయ ఓటు ప్రస్తుత పాలక మండలికే పడింది, రాఘవులుగారూ. మీకు సమ్మ…"

"ఆయ్, సమ్మతమేనండీ. ముందు నీడలోకొచ్చి కూర్చోండమ్మా, ఎండన పడొచ్చారు."

భ్రమరాంబ చేతిపలక మీద 'అవును' నొక్కింది. పలక సన్నగా మోగింది. పొద్దుటి నుంచి ఇది ఐదో ఇల్లు, ఐదో మోత. వాక్యం పూర్తిచేయాల్సిన అవసరం ఒక్క ఇంట్లోనూ రాలేదు. రాఘవులుకు ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు. అయినా సమ్మతం అనే మాట మాత్రం ఆమె నోట సగంలో ఉండగానే అందుకున్నాడు. ఆయన కోడలు కొట్టిచ్చిన కొబ్బరిబొండం తాగి, మనవరాలి చదువు సంగతి అడిగి, భ్రమరాంబ మళ్లీ ఎండలోకి నడిచింది.

మనోగణన వచ్చి ఇరవయ్యైదేళ్లు దాటింది. ఓటు కోసం ఎవరూ వరసలో నిలబడనక్కర్లేదు. మనిషి ఏం కొన్నాడు, ఏ వార్త దగ్గర ఆగాడు, ఏ మందు మధ్యలో మానేశాడు, ఇంట్లో ఎవరి మీద ఏమని గొణుక్కున్నాడు, అన్నీ గణకం అనే ఆ యంత్రానికి తెలుసు. ఎన్నికల ఏడు రాగానే అది ప్రతి పౌరుడి తరఫునా ఒక ఛాయ ఓటు వేసేస్తుంది. నూరిళ్లకు ఒక ఇంటికి మాత్రం సాక్షీదారు వెళ్లి, ఆ ఓటు చదివి వినిపించి, సమ్మతి పుచ్చుకోవాలి. సాక్ష్యపు ఇళ్లు ఒకసారి ఖాయం చేస్తే మారవు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ చినగరువు లంకలో ఆరువందల గడప, ఆరు సాక్ష్యపు ఇళ్లు.

ఇది భ్రమరాంబకు ఐదో ఎన్నిక. ఇరవయ్యొక్క ఏళ్ల ఉద్యోగంలో ఆమె పలక మీద ఒక్క 'కాదు' కూడా పడలేదు. జిల్లా కేంద్రంలో ఆమెకు శాలువా కప్పి, గణకం ఎంత కచ్చితమైనదో చెప్పడానికి ఆమె నమోదులనే ఉదాహరణగా చూపించారు. ఆ సంగతి ఆమె పైకి చెప్పుకోదు గానీ, లోపల గర్వం లేకపోలేదు. ఉండదా మరి, ఆమె కూడా మనిషే.

ఆరో ఇల్లు ఆదెమ్మది. అరవై రెండేళ్లుంటాయి. భర్త పోయాక చిక్కుడు పాదులతో, రెండు గేదెలతో ఒంటిచేతి మీద సంసారం నెట్టుకొస్తోంది. భ్రమరాంబ అరుగెక్కి పలక తీసిందో లేదో, "సమ్మతమేనండీ, రాసేసుకోండి" అంది. పలక మోగింది. ఆరుకు ఆరు.

పడవ తిరిగి రావాలంటే పోటు తగ్గాలి, అందుకు ఇంకో గంటన్నర. కాళ్లు కడుక్కుందామని భ్రమరాంబ పెరట్లోకి వెళ్లింది. పశువుల పాక ఖాళీగా ఉంది. గుంజలకు పలుపుతాళ్లు మాత్రం వేలాడుతున్నాయి. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది.

"గేదెలేవీ ఆదెమ్మగారూ?"

"మా చెల్లెలి ఊరు తోలించేశానండీ మొన్న. మాకిచ్చే కొత్తిళ్లు ఎనిమిదో అంతస్తులోనంట. గేదెలు మెట్లెక్కుతాయేటండీ?" నవ్వుదామని చూసింది గానీ నవ్వు రాలేదు. "పెద్దది పోనని మొండికేసిందండీ. రేవు దాకా నేనే నడిపించుకెళ్లాను. పడవెక్కాక కూడా నా వైపే చూత్తా ఉంది."

"ఇళ్లెందుకు మారుతున్నారు?"

"మా లంకని విడుపులో పెట్టారు కదండీ. వచ్చే కార్తీకానికి గట్టు తెగ్గొట్టి సముద్రానికి వదిలేత్తారంట. ఇంకో మూడడుగులు పెంచితే నిలబడే గట్టేనని ఇంజనీర్లే చెప్పారు. ఎగువ లంకకి పెంచారు కూడాను. మా దగ్గరికి మటుకు ఎవరూ రాలేదు."

విడుపు జాబితా గురించి భ్రమరాంబకు తెలుసు. తీరం వెంబడి నలభై లంకల పేర్లున్న కాగితం అది. ఆ నలభైలో చినగరువు ఉందని మాత్రం ఆమె చూసుకోలేదు. తన పని ఓటు చదివి వినిపించడం, జాబితాలు చదవడం కాదు.

"ఆ జాబితా వేసింది ఈ మండలేగా?"

"ఆయ్."

"మరి ఇప్పుడే ఆ మండలికి సమ్మతమన్నారు!"

ఆదెమ్మ చెంగు నలుపుకుంది. తప్పు చేస్తూ దొరికిపోయినట్టు ముఖం పెట్టి, "మీరు ఇంతెండలో ఏరు దాటి వచ్చారు. గడపలోకొచ్చిన మనిషి మొహమ్మీద కాదని ఎలా అంటామండీ?" అంది. "కాదంటే మీ పైవాళ్లు మిమ్మల్ని మాటంటారని కూడా ఉందండి."

"పోయినసారి?"

"అప్పుడూ మీరేగా వచ్చింది. అంతకు ముందూ మీరే. ఆ రోజు మీ పాపకి జొరమని మా గొప్ప తొందరలో ఉన్నారు. అప్పుడు కాదని మిమ్మల్ని నిలబెట్టేయమంటారా?"

 భ్రమరాంబకు ముందు సిగ్గేసింది, ఆ తర్వాత భయమేసింది. రాఘవులు చెవులకు వినపడకముందే ఎందుకు సమ్మతమన్నాడో, ఐదిళ్లలోనూ తాను వాక్యం ఎందుకు పూర్తి చేయలేకపోయిందో ఇప్పుడు అర్థమైంది. వాళ్లు మండలికి సమ్మతించలేదు, ఎండలో వచ్చిన ఆడమనిషిని చిన్నబుచ్చకూడదనుకున్నారు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. ఇక్కడ ఏకంగా ప్రభుత్వాలే వచ్చాయి, ఒకే ప్రభుత్వం, మళ్లీ మళ్లీ.

ఆమె చెవిపూస నొక్కి పర్యవేక్షకుడు శరభయ్యను పిలిచింది.

"సార్, ఆరో ఇంటి నమోదు వెనక్కి తీసుకుంటున్నాను."

 శరభయ్య చెడ్డవాడు కాదు. ఆమె కూతురి కాన్పు నాడు తన బండిలో ఆసుపత్రికి చేర్చినవాడు. "ఎందుకమ్మా? పలక పాడైందా?"

"పలక బాగానే ఉంది. నేనే సరిగా అడగలేదు. ఈవిడ నా మొహం చూసి అవునన్నారు. మిగతావాళ్లూ అంతేననుకుంటాను."

"అలాంటివి గణకం చూసుకుంటుంది భ్రమరాంబా. జనం ఇంట్లో సణుక్కునేది కూడా వింటుందిగా."

"సణుగుడుకు ఎంత బరువేస్తారు సార్? సాక్ష్యపు సమ్మతికి ఎంత?"

శరభయ్య నియమం అప్పజెప్పినట్టు చెప్పాడు. "సణుగుడుకు ఒక పాలు. సమ్మతికి నూరు పాళ్లు. చదివి వినిపించి మరీ అడుగుతున్నాం కాబట్టి."

"అదే చెబుతున్నాను. లంకంతా పాతికేళ్లుగా సణుగుతోంది. నేను వచ్చి ఆరు మొహమాటాలు పట్టుకెళ్లి దాన్నంతా కొట్టేయిస్తున్నాను."

"చూడమ్మా. వెనక్కి తీసుకుంటే మళ్లీ అడగాలి. కాదని వచ్చిందనుకో, లంక మొత్తానికి పాతకాలంలోలా చేతి ఓటు పెట్టాలి. చట్టంలో ఉంది గానీ ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు. విచారణంటారు, నిన్ను పక్కన పెడతారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఇంకో రెండేళ్లలో నీ ఉద్యోగం అయిపోతుంది."

"నాకు రెండేళ్లున్నాయి సార్. వీళ్లకు కార్తీకం దాకానే ఉంది."

ఆమె నమోదు వెనక్కి తీసుకుంది. పలక మోగలేదు. ఆదెమ్మ వాకిట్లో నిలబడి ఇదంతా వింటోంది.

"నా గురించి మీకు చీవాట్లేటండీ? వద్దండీ, ఉండనీండి."

"ఆదెమ్మగారూ, ఒక్కమాట చెప్పండి. నేను గానీ ఇంకెవరు గానీ ఎదురుగా లేకుండా అడిగితే ఏమంటారు?"

ఆదెమ్మ అరుగు మీద కూర్చుంది. "ఏదంటే మాత్రం ఏం మారుద్దండీ?" అంది. "మా అత్త చేత్తో ఓటేసిన మనిషండి. మూడు మైళ్లు నడిచెళ్లి వరసలో నిలబడేదంట. ఏం మారిందంటే ఏం చెప్తాం? రోడ్డన్నారు, సగం పడింది. రేవుకి మెట్లన్నారు, అవి మటుకు పడ్డాయి. గెలిచినాళ్లంతా గొప్పోళ్లేం కాదండి."

"మరి నడిచెళ్లడం ఎందుకు?"

"అదే నేనూ అడిగానండీ." ఆదెమ్మ ముఖంలో ఈసారి నిజంగానే నవ్వు కదిలింది. "ఒకసారి ఓడిపోయినాయన మర్నాడొచ్చి ఈ అరుగు మీదే కూచుని, 'నేనేం తప్పు చేశాను పిన్నీ' అని అడిగాడంట. మా అత్త గట్టు సంగతి చెప్పిందంట, నూతి సంగతి చెప్పిందంట. చచ్చిపోయేదాకా అదే చెప్పుకుందండి. రోడ్డు గురించి కాదు, ఆయనొచ్చి అడగడం గురించి. ఇప్పుడు మా దగ్గరికెవరొస్తారండీ? మా బదులు ఆ గణకమే చెప్పేత్తందిగా. మండలోళ్లకి దానితోనే పని."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగించుకోకపోతే మనిషి ఏమైపోతాడో ఎవరూ సామెత కట్టలేదు. భ్రమరాంబకు ఏడుపొచ్చినంత పనైంది. ఇరవయ్యొక్క ఏళ్లుగా ఈ ఇళ్లకు వస్తోంది, వీళ్ల పిల్లల పేర్లు తెలుసు, ఏ ఇంట్లో ఎవరికి బీపీ ఉందో తెలుసు. ఒక్కరిని ఒక్క ప్రశ్న సరిగా అడగలేదు.

ఆమె పలకను ఆదెమ్మ చేతిలో పెట్టింది. సాక్షీదారు పలకను చేతిలోంచి వదలకూడదని నియమావళి మొదటి పేజీలోనే ఉంది.

"ఇక్కడ అవును, ఇక్కడ కాదు. నేను ఆ పాక వెనక నుంచుంటాను. మీరు నాకు కనపడరు, నేను మీకు కనపడను. మీరు ఏది నొక్కినా నాకేం కష్టం లేదు. అవునని నొక్కినా సరే. నిజంగా మీ మనసులో ఉన్నదైతే చాలు."

"నొక్కితే గట్టు నిలబడుద్దాండీ?"

అబద్ధం చెప్పడం చాలా తేలికయ్యేది. "తెలీదమ్మా" అంది భ్రమరాంబ. "నిలబడకపోవచ్చు కూడా."

ఖాళీ పాక వెనక తడికకు వీపు ఆనించి నిలబడింది. ఎదురుగా చిక్కుడు పాదులు, వాటి అవతల గట్టు, గట్టు మీద ఎవరో ఆరేసిన వల. చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆదెమ్మ భయపడి పలకను అరుగు మీద పెట్టేసి ఉంటుందనుకుంది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది, చూడలేదు.

పలక మోగింది. ఆమె ఎప్పుడూ వినని మోత అది, రెండుసార్లు, లోగొంతుకతో.

శరభయ్య గొంతు ఆ వెంటనే చెవిలో పడింది. ఆయన కోప్పడలేదు, గట్టిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు. "కాదనే పడిందమ్మా. తొమ్మిది రోజుల్లో చేతి ఓటు అని ఇక్కడ తెర మీద తనంతట తనే వచ్చేసింది. పెట్టెలు ఎక్కడున్నాయని అడుగుతున్నారు, ఎవరికీ తెలీదు. రేపటి నుంచి నిన్ను విధుల్లోంచి తప్పించారు."

"సరే సార్."

"ఇంకోటి. ఆ తీరపు మండలి సభ్యుడి ఇంటి నుంచి ఫోనొచ్చింది. చినగరువుకి పడవ ఎక్కడ ఎక్కాలని అడుగుతున్నారు. రేపొద్దున్నే వస్తాట్ట." శరభయ్య గొంతు తగ్గించాడు. "మిగతా ఐదిళ్ల నమోదులు పొద్దుగూకేదాకా తెరిచే ఉంటాయి. నేను నీకేం చెప్పలేదు."

భ్రమరాంబ పాక చుట్టూ తిరిగి వచ్చింది. ఆదెమ్మ పలకను రెండు చేతులతో పట్టుకుని అరుగు మీద అలాగే కూర్చుని ఉంది.  భ్రమరాంబ చేతి ఓటు సంగతి, సభ్యుడు రావడం సంగతి చెప్పింది. తన ఉద్యోగం సంగతి మాత్రం చెప్పలేదు.

"ఆయనే వత్తారా? ఇక్కడికా?"

"ఈ ఇంటికే వస్తారనుకుంటాను."

ఆదెమ్మ ముఖం వెలిగింది, అంతలోనే దిగులు కమ్మింది. "ఈ అరుగు మీద కూర్చుని ఆయన నవ్వుతా అడిగితే నేను కాదనలేనండీ. మా లంకలో ఎవరూ అనలేరు. ఎదటి మనిషిని నొప్పించడం మా వల్ల కాదు."

"ఆయన ఎదుట అనక్కర్లేదమ్మా. చేతి ఓటుకు చాటు ఉంటుంది. లోపల మీరొక్కరే. ఆయనకు కనపడదు, నాకూ కనపడదు."

"చాటు ఎవరు కడతారండీ?"

"కట్టే వాళ్లెవరూ ఇప్పుడు లేరు. మనమే కట్టుకోవాలి."

భ్రమరాంబ పలక తీసుకుని రాఘవులు ఇంటి వైపు బయలుదేరబోయింది. ఆదెమ్మ గబగబా లోపలికి వెళ్లి, చలికాలం కప్పుకునే మందపాటి నీలం దుప్పటి ఒకటి పట్టుకొచ్చింది. దాన్ని వాకిట్లో రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని, ఎండకు అడ్డంగా తన ముఖం ముందు నిలిపింది.

"కనపడుతున్నానేటండీ?"